ఫీజు ఒకచోటికి, కథ ఒకచోటికి

నాకు శాలువా కప్పిన రోజే నా పరువు మొత్తం పోయింది. ఎలాగో చెబుతాను, కావలసినంత నవ్వుకోండి. మా ఆవిడకు వినపడేలా మాత్రం నవ్వకండి.

అప్పట్లో నాచారంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ని. నేను రాసింది ఒకే ఒక్క కథ. పోటీలేమో రెండు వచ్చిపడ్డాయి. ఒకటి ఏదో పత్రికది, ప్రవేశ రుసుము మూడు వందలు. రెండోది ఉప్పల్ కుర్రాళ్ల సంఘానిది, ఉచితం. ఇంట్లో ఉన్న మూడు వందలూ కాలిపోయిన మిక్సీ బాగుచేయించడానికి మా ఆవిడ స్వరూప దాచుకున్నవి.

"రాసేటిది నువ్వు, పైసలిచ్చేటిది గూడ నువ్వేనా? గిదేం పోటీ?" అంది స్వరూప, రోట్లో పచ్చడి నూరుతూ.

మా షిఫ్టు యాదగిరన్న మాత్రం, "ఫీజున్నదంటే గట్టి పోటీ అన్నట్టు. ఊకెనే పెట్టేటోళ్లు కథ సదువుతరార?" అన్నాడు.

"ఓడిపోతే ఎట్లన్నా?"

"గప్పుడు ఫీజు లేనిదే మంచిగుంటది."

ఇక నాకు తిండి సహిస్తే ఒట్టు. పొద్దున కట్టాలనిపించేది, సాయంత్రం వద్దనిపించేది. ఆ ఊగిసలాటలోనే మిక్సీ డబ్బులు జేబులో వేసుకుని పోస్టాఫీసుకు వెళ్లి, కథ పెట్టిన కవరు మీద పత్రిక చిరునామా రాశాను. మనియార్డరు ఫారం నింపేసరికి మనసు ఉచితం వైపు లాగింది. దాని మీద ఉప్పల్ చిరునామా రాసేశాను. రెండూ పంపేసి, పీడ వదిలిందనుకుంటూ ఇంటికొచ్చాను.

పత్రిక నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఉప్పల్ నుంచి మాత్రం, బహుమతుల సభకు వేదిక మీదికి రావాలని పిలుపొచ్చింది. ఆ ఊగిసలాటలో ఏది ఎటు పంపానో నాకే గుర్తులేదు, గెలిచాననుకున్నాను. స్వరూపకు పట్టుచీర కట్టించి మరీ తీసుకెళ్లాను.

మైకు దగ్గర కుర్రాడు గొంతు పెంచాడు. "ఫీజు లేకున్నా, మనల్ని నమ్మి మూడు వందలు పంపిన దాత! మొదటి బహుమతి సారు చేతులమీదుగనే!"

శాలువా కప్పారు. ఎవరో అమ్మాయికి బహుమతి ఇచ్చాను. ఫొటోకు పళ్లు కూడా చూపించాను. ఉండబట్టలేక, "మరి నా కథ?" అని ఆ కుర్రాడి చెవిలో అడిగాను.

"మీరు గూడ రాస్తరా సార్?" అన్నాడు.

ఏడుపొక్కటే తక్కువ. ముందు వరుసలో స్వరూప నన్నే చూస్తోంది, చప్పట్లు కొట్టకుండా.

ఇంటికొచ్చాక స్వరూప నా భుజం మీది శాలువా తీసి, మిక్సీ మీద నీటుగా కప్పింది.

"మస్తు సరిపోయింది. రేపట్నుంచి పచ్చడి నువ్వే నూరు, దాత గారూ."

అప్పుడే ఆ మిక్సీ మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఏ పోటీకీ ఫీజు కట్టను. ఒకవేళ కట్టినా, కథ కూడా అక్కడికే పంపుతాను.