లోవలక్ష్మి జీపు కింద దూరిన మధ్యాహ్నం

రెండు గంటల ఎండకి ఇంటి ముందు చింతచెట్టు నీడ కూడా ఉడికిపోతోంది. ఆ నీడలో నిలిపిన జీపు కింద గోనెపట్టా పరుచుకుని, వెల్లకిలా పడుకున్న లోవలక్ష్మి రెండు చేతులతోనూ ఆయిలు ఫిల్టరు పట్టుకుని బలంగా తిప్పింది. కదల్లేదు. పాతగుడ్డ చుట్టి మళ్లీ తిప్పింది. గుడ్డ జారిపోయింది గానీ, ఆ నల్లటి రేకు డబ్బా మాత్రం ఇంజనుతో పాటే పుట్టినట్టు అలాగే ఉంది.

"ఏటయ్యింది?" బానెట్టు దగ్గర ముక్కాలిపీట మీద కూర్చున్న ఆమె భర్త జోగులు అడిగాడు.

"రాట్లేదు మావా."

"రాదని సెప్పానా? ఇంక ఇవతలికొచ్చీ."

లోవలక్ష్మి రాలేదు. ఆయిలంతా అప్పటికే కిందికి దించేసింది. పాత సత్తు బేసినులో నల్లగా, వెచ్చగా నిండి ఉంది. ఇప్పుడు వదిలేస్తే బండి ఇంటి ముందు నుంచి కదలదు. నాలుగు గంటలకి ఎస్. రాయవరం నుంచి మన్మథరావుగారు వస్తారు, బండి కొనుక్కోడానికి. ఆయన్ని వెంటబెట్టుకొచ్చేది మెకానిక్కు సూరన్న. నర్సీపట్నంలో జీపుల పనంటే సూరన్నే. బేరం కుదిర్చిందీ అతనే కాబట్టి, ఈ ఫిల్టరు తియ్యడానికి అతన్ని పిలిచే ప్రసక్తే లేదు.

అసలు ఇదంతా పొద్దున్న మొగుడూ పెళ్లాల మధ్య పడ్డ పంతం.

జోగులు పదకొండేళ్లు ఊళ్లోవాళ్ల బళ్లు నడిపాడు. ఎనభై రెండులో సొంతానికి ఈ పాత డీజిలు జీపు కొనుక్కుని కృష్ణదేవిపేట రోడ్డు మీద జనాన్ని తిప్పడం మొదలెట్టాడు. నాలుగేళ్లు బాగానే నడిచింది. కిందటి దీపావళి ముందు, దారిలో టైరు మారుస్తుంటే జాకీ ఒరిగింది. కుడి చెయ్యి బండి కింద పడింది. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో రెండు నెలలు ఉన్నాడు. చెయ్యి నిలిచింది గానీ మూడు వేళ్లు మరి ముడుచుకోలేదు. అన్నం ఎడం చేత్తో తినడం నేర్చుకున్నాడు. గేరు వెయ్యడం మాత్రం రాలేదు.

లోవలక్ష్మి ఊరికే కూర్చోలేదు. ఆమె తండ్రికి కృష్ణదేవిపేట దగ్గర చెరకు మోసే ఎడ్లబండి ఉండేది. పదేళ్ల వయసులోనే గానుగ దాకా ఒక్కతే బండి తోలుకెళ్లిన మనిషి. జోగులు ఆసుపత్రి నుంచి వచ్చాక, పెదబొడ్డేపల్లి వైపు కోతలైపోయిన చేలల్లో, తెల్లారకముందే జీపు తిప్పడం మొదలెట్టింది. నేర్పింది జోగులే. పక్క సీట్లో కూర్చుని తిట్టీ, తల బాదుకునీ, ఒకసారి బండి దిగి అలిగి నడిచి వెళ్లిపోయీ నేర్పాడు. ఏప్రిల్‌లో విశాఖపట్నం వెళ్లి పరీక్ష ఇచ్చి లైసెన్సు తెచ్చుకుంది. తీరా ఆ కాగితం చూశాక జోగులు గుండె జారింది. నేర్పడం వేరు, పెళ్లాన్ని పదిమంది జనంతో రోడ్డు మీదికి పంపడం వేరు. మర్నాడే సూరన్నతో బండి అమ్మేస్తానన్నాడు.

"నడపడం ఎవడైనా నడిపేత్తాడు. బండిని సూసుకోడం సేతనవుద్దేటి నీకు?" అన్నాడు ఈ పొద్దున్న. "రోడ్డు మీద ఆగిపోతే ఎవుణ్ణి పిలుత్తావు?"

"ఏటి సెయ్యాలో సెప్పు. సేసి సూపిత్తాను."

"ఆయిలు మార్చు. ఫిల్టరు మార్చు. ఆళ్లొచ్చేసరికి ఇంజను ఆడాల. ఆడితే అమ్మను."

అనేశాడు. కొత్త ఫిల్టరూ, డబ్బాడు ఆయిలూ దెబ్బ తగలకముందు కొన్నవే అటక మీద ఉన్నాయి. కానీ ఆమె నిజంగానే గోనెపట్టా తెచ్చి జీపు కిందకి దూరేసరికి అతని మొహంలో నెత్తురు లేదు. జాకీ ముట్టుకోనివ్వలేదు. నాలుగు చక్రాలకీ ముందూ వెనకా రాళ్లు పెట్టించాడు. అది చాలక, తల్లి అప్పయమ్మ చేత చింతమొద్దు దొర్లించి బండి చట్రం కింద దన్నుగా పెట్టించాడు. అప్పటికీ ఆమె తల బండి కింద ఉన్నంతసేపూ అతను ఎటో చూస్తూనే మాట్లాడుతున్నాడు.

"సైకిలు సైను ఉండాల అటక మీద. దింపియ్యమ్మా," అన్నాడు జోగులు.

అప్పయమ్మ పాత సైకిలు చైను తెచ్చింది. దాన్ని ఫిల్టరు చుట్టూ బిగించి, రెండు కొసలూ కలిపి ఇనపరాడ్డు దూర్చి తిప్పితే పట్టు జారదు. లోవలక్ష్మి అలాగే చేసింది. చైను రేకులోకి దిగింది. మడమలు నేలకి తన్నిపెట్టి, పళ్లు బిగించి లాగింది. మోచెయ్యి ఎగ్జాస్టు గొట్టానికి తగిలి చుర్రుమంది.

"కుడికి తిప్పు, కుడికి!" పైనుంచి జోగులు ఎడమ చేత్తో గాల్లో తిప్పి చూపిస్తున్నాడు.

ఆమె కుడికే తిప్పింది. ఫిల్టరు ఒక్క వెంట్రుకవాసి కదిలింది. "కదిలింది మావా!" అని అరిచి మళ్లీ లాగింది. ఆ తర్వాత రాయే. మూడుసార్లు లాగింది. నాలుగోసారి లాగబోతూ ఆగింది. తను కిందనుంచి చూస్తోంది, అతను పైనుంచి చూస్తున్నాడు. అతని కుడి తనకి ఎడమ కదా!

"మావా, నువ్వు సెప్పే కుడి పైనుంచా, కిందనుంచా?"

జోగులు గాల్లో తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది. "పైనుంచే," అన్నాడు గొంతు తగ్గించి.

"అయితే ఇందాకట్నించీ బిగిత్తన్నాను!"

అప్పయమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఓలమ్మో, మీ తగువు కాదు గానీ బండి నాశినమైపోతంది. అమ్మీండ్రా, పీడా పోద్ది."

లోవలక్ష్మికి ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, మొగుడి మీద కాదు, తన మీద. నీళ్ల పంపు విప్పినా, సీసా మూత తీసినా ఎటు తిప్పాలో తెలియని మనిషి కాదు. ఎవరో చెప్పారని తన చెయ్యి తనకి చెప్పింది వినలేదు. చైను అవతలి వైపుకి మార్చి ఎడమకి లాగింది. లాగింది, లాగింది. చైను లింకు టప్పున తెగి రాడ్డు ఆమె గడ్డానికి తగిలింది.

"లోవా!" జోగులు పీట మీంచి పడినంత పనిచేసి నేల మీదికి వంగాడు. "రక్తమేటి? ఇవతలికి రా. నామాటిను, వొద్దు. అమ్మీద్దాం."

"ఎవులు బిగించారు మావా దీన్ని? మడిసా, రాచ్చసుడా?"

అతను పనికిరాని కుడిచేతి వైపు చూసుకున్నాడు.

"నేనే," అన్నాడు. "రబ్బరు రింగుకి సుక్క ఆయిలు రాసి, సేత్తో బిగించి వదిలీయాల. నేను పట్టీ పానా వేసి బిగించాను. మరి కారదని. అప్పుడు బలవుండేది కదా."

గడ్డం మీద రక్తం కొంగుతో తుడుచుకుంది లోవలక్ష్మి. "పెద్ద స్క్రూడ్రైవరూ సుత్తీ అందీ," అంది.

అది ఆఖరి దారి అని ఇద్దరికీ తెలుసు. డబ్బాకి అడ్డంగా స్క్రూడ్రైవరు దిగ్గొట్టి, దాన్నే పిడిగా పట్టుకుని తిప్పడం. ఒకసారి చిల్లు పడితే పాత ఫిల్టరు మరి పనికిరాదు, వెనక్కి తిరగడం ఉండదు. జోగులు ఎడమ చేత్తో స్క్రూడ్రైవరు అందించాడు. ఆమె గురిపెట్టి సుత్తితో కొట్టింది. మూడు దెబ్బలకి రేకు చిల్లుపడి లోపల మిగిలిన నూనె ముంజేతి మీదుగా చంక దాకా కారింది. ఇంకో రెండు దెబ్బలకి స్క్రూడ్రైవరు మొన అవతలి పక్కకి తేలింది. రెండు చేతులతో పిడి పట్టుకుని ఎడమకి నెట్టింది.

ఫిల్టరు తిరగలేదు. చర్రున చిరిగింది.

ఆ చప్పుడు జోగులు విన్నాడు. మెకానిక్కు కాకపోయినా పదిహేనేళ్లుగా బళ్లతో బతికినవాడికి ఆ చప్పుడేమిటో ఒకరు చెప్పక్కర్లేదు. సరిగ్గా అప్పుడే వీధి చివర మోటారుసైకిలు మోత వినిపించింది. ఇంకా మూడున్నర కూడా కాలేదు.

"బేగి వొచ్చీసినారు," అంది అప్పయమ్మ. ఇందాక అమ్మేయమన్న మనిషే, చెంగు దోపుకుని వీధిలోకి ఎదురెళ్లింది. "రండి బాబూ, ఎండనపడొచ్చారు. అరుగు మీద కూకోండి. మజ్జిగ తెత్తాను. మీ ఊర్లో చెరుకెలాగుంది బాబూ ఈయేడు?" అని గట్టిగా మాట్లాడుతూ ఇద్దర్నీ అక్కడే ఆపింది.

మన్మథరావుగారు మర్యాదస్తులు, కూర్చున్నారు. సూరన్న కూర్చోలేదు. మజ్జిగ గ్లాసు పట్టుకుని నేరుగా జీపు దగ్గరికొచ్చి, వంగి చూశాడు. చిరిగి వేలాడుతున్న రేకు, నల్లగా తడిసిన గోనెపట్టా, దాని మీద లోవలక్ష్మి.

"ఏటి సెల్లెమ్మా ఇది? బండిని కోడిని కోసినట్టు కోసీసావు!" అన్నాడు. తర్వాత మన్మథరావుగారికి వినపడేలా, "ఇంక దీన్ని సెడ్డుకి లాక్కెళ్లాలండి. ధర తగ్గించుకోవాల మరి," అని, జోగులు వైపు తిరిగాడు. "లేపు సెల్లెమ్మని. నేను తీత్తాను."

లోవలక్ష్మి కింద కదలకుండా పడుకుంది. ఇప్పుడు జోగులు ఏమంటాడో దాన్ని బట్టే అంతా. ఇందాకట్నుంచీ 'ఇవతలికి రా' అంటున్న మనిషి. ఆమెకి అతని కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి రెండడుగులు వేసి సూరన్నకీ బండికీ మధ్య ఆగాయి.

"నువ్వు ముట్టుకోకు సూరన్నా," అన్నాడు జోగులు. "దాని పని అవనీ."

తర్వాత అతను ఒక పని చేశాడు. ఆ జాకీ ఒరిగిన రోజు నుంచీ బండి కిందకి తల కూడా పెట్టని మనిషి, పనిముట్లలోంచి ఉలి తీసుకుని, పంచె ఎగ్గట్టి నేల మీద పడుకుని, భుజాల దాకా కిందకి జరిగాడు. అతని మొహం నిండా చెమట. ఊపిరి బరువుగా తీస్తున్నాడు. ఇద్దరి తలలూ పక్కపక్కనే ఉన్నాయి.

"రేకు పోతే పోనీ. పైన మందంగా అంచుంది, సూసావా? ఉలి దాని మీద అడ్డంగా పెట్టు. ఆగు, ఇంకాస్త ఏటవాలుగా. ఇప్పుడు ఎడమకి. నీ ఎడమకి. సిన్న దెబ్బలు."

ఆమె కొట్టింది. ఉలి జారింది. మళ్లీ పెట్టింది. ఇంజను గోడకి తగిలిందా, బండి ప్రాణమే పోతుంది. చిన్న దెబ్బ, ఇంకో చిన్న దెబ్బ. పది, పదిహేను. ఉలి మళ్లీ పక్కకి జారబోయింది. జోగులు ఎడమ చేత్తో ఉలి నడుముని పట్టుకున్నాడు. "నా సెయ్యుందని సూడకు, కొట్టు," అన్నాడు.

కొట్టింది. టిక్కుమని చిన్న శబ్దం. అంచు మీద పడ్డ గాటు గోరంత పక్కకి జరిగింది. ఇంకో దెబ్బకి వేలంత. తర్వాత ఆమె వేళ్లతో పట్టుకుంటే అది మూతలా తిరిగి చేతిలోకి ఊడి వచ్చింది.

లోవలక్ష్మి కళ్లు మూసుకుంది. బయటికి రాబోతుంటే జోగులు ఆపాడు.

"రింగు దాంతో వొచ్చిందేటి?"

ఊడిన ముక్కని తిప్పి చూసింది. రబ్బరు ఉండాల్సిన గాడి ఖాళీగా ఉంది. ఇంజను వైపు వేలు పెట్టి తడిమింది. అక్కడుంది, కాలి గట్టిపడి ఇనుము రంగులోనే అంటుకుపోయి. చూస్తే తెలియదు, తడిమితేనే తెలుస్తుంది. దాని మీద కొత్త ఫిల్టరు బిగించి ఉంటే రెండు రబ్బర్ల సందులోంచి ఆయిలంతా కారిపోయి, పది మైళ్లు వెళ్లేలోగా ఇంజను పట్టేసేది. గోటితో అంచు లేపి, ముక్కలు ముక్కలుగా అంతా గీకింది. పైన నిలబడ్డ సూరన్న ఈ సంగతి అడగనూ లేదు, చెప్పనూ లేదు.

కొత్త ఫిల్టరు రబ్బరుకి వేలితో ఆయిలు రాసింది. చేత్తోనే బిగించింది. కింద ఆయిలు దించిన బిరడా బిగించి, కొత్త ఆయిలు పోసింది. స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పింది. ఇంజను రెండుసార్లు దగ్గి, అందుకుంది. ఇంజనుకి ఆయిలు అందేదాకా ఆరని ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఒకటి, రెండు, మూడు, లోపలే లెక్కపెట్టింది. ఆరు. ఏడు. జోగులు కిటికీ అంచు పట్టుకుని ఆ దీపాన్నే చూస్తున్నాడు. దీపం ఆరింది.

జీపు కింద పరిచిన పాత పేపరు మీద పావుగంటకి కూడా చుక్క పడలేదు. మన్మథరావుగారు ఆ పావుగంటా ఓపిగ్గా నిలబడి, పేపరు తనే వంగి తీసి చూశారు.

"ఇంతకీ అమ్ముతారా లేదా జోగులూ?"

"నేదు బాబూ. మిమ్మల్ని ఎండలో తిప్పాను, తప్పే. ఏటనుకోకండి."

ఆయన ముఖం చిట్లించారు గానీ మాట తూలలేదు. సూరన్న మాత్రం మజ్జిగ గ్లాసు అరుగు మీద ఠంగుమని పెట్టి, ఆ తర్వాత ఏడాదిపాటు ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు.

ఆ వచ్చే సోమవారం లోవలక్ష్మి జీపు బస్టాండు దగ్గర నిలబెట్టింది. జోగులు పక్కన నిలబడి "కిష్ణదేవిపేట, కిష్ణదేవిపేట" అని కేకలేశాడు. జనం దగ్గరిదాకా వచ్చి, స్టీరింగు వెనకాల చీర చూసి పక్కకి పోయేవారు. గంటన్నర గడిచింది. ఆఖరికి సంతలో విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలు అమ్ముకుని, బస్సు తప్పిపోయిన సోమలమ్మ అనే ముసలామె ఖాళీ గంప చంకన పెట్టుకుని వచ్చింది.

"నువ్వే తోల్తావేటి?"

"నేనే అప్పా."

"నెమ్మదిగా తోల్తావా? నాకు కళ్లు తిరుగుతాయి."

"నెమ్మదిగానే."

ముసలామె గంప లోపల పడేసి, జోగులు చెయ్యి అందిస్తే పట్టుకుని ఎక్కింది. ఆమెని చూసి మరో ఇద్దరు ఆడవాళ్లు ఎక్కారు. మిగతా సీట్లు ఖాళీగానే ఉన్నాయి. లోవలక్ష్మి ఇంక ఎవరి కోసమూ ఆగకుండా గేరు వేసింది.