మా బండి

మొన్న సూర్యాపేట కంటి దవాఖానలో చుక్కలు వేయించుకొని బస్సులో ఇంటికొస్తుంటే, నేరేడుచర్ల దగ్గర ఒక రైసుమిల్లు గోడ నీడన ఎర్రటి ఫైరింజన్ నిలబడి ఉంది. మసక కళ్ళకు కూడా ఆ ఎరుపు సూటిగా తగిలింది. కోతల కాలంలో ఎక్కడ మిల్లులెక్కువ, ఎక్కడ గడ్డివాములెక్కువ అని చూసుకొని బండ్లను ముందుగానే అటువైపు పెడుతున్నారట, పక్కసీటామె చెప్పింది. దాని ఎదురింటి కోడలు మాత్రం ఆ వైపు కన్నెత్తైనా చూడకుండా దండెం మీద బట్టలు ఆరేసుకుంటోంది. ఆమెను చూసి నాకు ఒళ్ళు మండింది. ఈ వయసులో, మెడలో తులసిమాల వేసుకొని, ముక్కూమొహం తెలియని పిల్ల మీద కుళ్ళేమిటని రామా రామా అనుకున్నాను గానీ, నా ఈడువాళ్ళకు చెప్పుకోవడానికి సిగ్గెందుకు, అది నిన్న మొన్న పుట్టిన కుళ్ళు కాదు.

మేమిద్దరం అక్కాచెల్లెళ్ళం, కోదాడ పక్కన చిలుకూరులో పుట్టాం. బడి మొహం చూడలేదు. అమ్మే పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, తాను చేత్తో రాసుకున్న భజనపాటల నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకొని, ఆ పాటల్లోంచే మాకు అక్షరాలు నేర్పింది. ఇవాళ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ తల్లి పెట్టిన భిక్షే. ఆ నోటుబుక్కు మాత్రం, పెద్దకూతురని, అక్కకే ఇచ్చింది. అక్క మిర్యాలగూడలో ఫైరింజన్ నడిపే బావను చేసుకొని పోయింది, నేను నేరేడుచర్ల అవతల పల్లెలో వరిపొలాల నడుమ ఇంటికి వచ్చాను.

అక్క ఇల్లు ఫైర్ స్టేషన్‌కు నాలుగడుగులు. దసరానాడు ఆ బండికి పసుపు కుంకుమ పెట్టేదీ, నిమ్మకాయలు కట్టేదీ అక్కే. ఎప్పుడూ దాన్ని ఫైరింజన్ అనేది కాదు, మా బండి అనేది. మా బండికి కొత్త టైర్లేసిన్రు, మా బండి ఇయ్యాల ఫలానా ఊరు పోయింది, అని చెప్పుకుపోతుంటే ఆ 'మా' అన్న ఒక్క అక్షరం నాకు పంటికింద రాయిలా తగిలేది. మా ఊళ్ళోనేమో ఎండలు ముదిరితే మా అత్తమ్మ వాకిట్లో గోలెం నిండా నీళ్ళు నింపించి, పొయ్యిలో నిప్పు రెండుసార్లు ఆర్పి చూస్తే గానీ ఎవరినీ పొలానికి పోనిచ్చేది కాదు. మాకున్న ఫైరింజన్ అదే.

ఒక ఏడాది మా గడ్డివాములన్నీ అంటుకున్నాయి. కబురందిన నిమిషంలో బావ బయల్దేరినా, దూరం దూరమే కదా, వచ్చేసరికి ముప్పావుగంటయింది. బూడిద మీద నీళ్ళు కొట్టి, పశువుల వైపు చూడలేక తలవంచుకొని నిలబడ్డాడు. ఆ తర్వాత వారం అక్క వచ్చి, మంచి మనసుతోనే, "ఏడ్వకే చెల్లె, మా బండి అయితే ఒచ్చింది గదా," అంది. ఆ పూట అక్కకు అన్నం వడ్డించి, నెయ్యి వెయ్యడం మరిచిపోయినట్టు నటించాను.

ఆ బూడిద బావను వదల్లేదు. పై ఆఫీసరుకు ఇవ్వాలని, నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని, నాచేతే ఒక కాగితం రాయించాడు. "నిప్పేమో ఊర్లల్ల, బండేమో టౌన్ల. గిదేం లెక్కమ్మా?" అనుకుంటూ ఆయన చెబుతుంటే, ఏ ఊళ్ళో వాములెన్ని, ఏ మిల్లు ఊక ఎక్కడ పోస్తుంది, కాలువ నీళ్ళు కట్టేశాక ఏ బావిలో నీళ్ళుంటాయి, ఏ సందులో బండి తిరగదు, అన్నీ రాశాను. మిర్యాలగూడలో తమ గల్లీ మాట ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ కాగితం పనిచేసింది. స్టేషన్‌లో ఉన్న రెండు బండ్లలో బావ బండిని ఆ ఎండాకాలమంతా మా ఊరి పొలిమేరలో, ఫోనున్న మిల్లు దగ్గర పెట్టారు. నేను రాములవారికి కొబ్బరికాయ కొట్టి, ఆ మిల్లు ఫోన్లోనే అక్క పక్కింటికి చేసి, అక్కను పిలిపించి, "అక్కా, మా బండి ఒచ్చిందే!" అన్నాను. అటునుంచి అక్క, "పైలంగ సూస్కో, దానికి ఎండ పడది," అంది.

అంతటితో ఊరుకుంటే ఎంత బాగుండేది! శుక్రవారం పొద్దున ఆ బండి మా వాకిట్లోకి రావాలని, ఊరంతా చూస్తుండగా పూజ చేయాలని పట్టుబట్టాను.

"దసరానా, ఏమన్ననా? ఫోన్ ఆడుండి బండి ఈడుంటే ఎట్లమ్మా?" అన్నాడు బావ.

"అక్క జేస్తే పూజ, నేను జేస్తే పరేషానా?" అన్నాను.

ఆ మాటకు లొంగాడు పాపం. పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, హారతిచ్చి, అందరికీ పరమాన్నం పెడుతుంటే మిల్లు గుమస్తా సైకిల్ మీద రొప్పుతూ వచ్చాడు. మిర్యాలగూడలో తవుడు బస్తాల కొట్టు అంటుకుందట, రెండో బండి అప్పటికే వేరే మిల్లుకు పోయిందట. ఏ గల్లీ అని అడిగాడు బావ. గుమస్తా చెప్పాక ఆయన చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. ఆ కొట్టు అక్కావాళ్ళ ఇంటి గోడనానుకునే ఉంటుంది. ఇక మా సందులోంచి బండిని వెనక్కి తీయడానికే పావుగంట పట్టింది. బండి తిరగని సందుల్లో మా సందునూ నా చేత్తోనే రాశాను మరి.

దేవుడి దయ, అక్క ప్రాణానికేం కాలేదు. ఇల్లు కూలింది, అమ్మ నోటుబుక్కు పోయింది. మర్నాడు నేను వెళ్ళేసరికి అక్క పక్కింటి అరుగు మీద కూర్చొని, దండ వాడిపోయిన బండిని చూస్తోంది. కాళ్ళ మీద పడి పావుగంట సంగతి చెప్పేశాను.

"బండి మీద బొట్లు నిన్ననే సూసిన," అంది. నా తల నిమిరింది. "మా బండి లేదు, మీ బండి లేదే పిచ్చిదానా. నిప్పు యాడుంటే ఆడిదది. నాకు గూడ నిన్ననే తెల్సింది."

తర్వాత ఆ అరుగు మీదే అక్క, అమ్మ పాటలన్నీ గుర్తుతెచ్చుకొని పాడుతుంటే నేను కొత్త నోటుబుక్కులో రాసుకున్నాను. ఒక్క చరణం తప్పిపోలేదు ఆమెకు. నాకు సగం కూడా రావు. అప్పుడూ కుళ్ళుకున్నాను, పాటలకు కాదు, నన్నంత తేలిగ్గా క్షమించగలిగిన ఆ గుండెకు.

అక్క పోయింది, బావ పోయాడు. ఆ నోటుబుక్కు ఇప్పుడు మా దేవుడి గూట్లో ఉంది. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, వాకిట్లో గోలేలు పోయాయి. నిప్పుకు ముందే బండి వచ్చి నిలబడే రోజులొచ్చాయి, ఎంత అదృష్టం! కానీ దాన్ని మా బండి అని మురిసిపోయే ఆడవాళ్ళే కనబడరు. ఆ దండెం దగ్గరి కోడలికి అది ఎవరి బండో తెలుసుకోవాల్సిన అవసరమే రాలేదు. నా కుళ్ళంతా అందుకే.

బస్సు ఆ మిల్లు ముందే కాసేపు ఆగింది. కుంకుమ భరిణె నా సంచీలోనే ఉంది. దిగి ఒక్క బొట్టు పెట్టి రావాలని ప్రాణం కొట్టుకుంది. దాని దారికి అడ్డం పోకూడదని, కిటికీలోంచే దణ్ణం పెట్టుకొని కూర్చున్నాను.