సామ్రాజ్యం కోసం కొన్న చీర

దెయ్యాల కబుర్లు వినే ఓపిక నాకు ఎప్పుడూ లేదు. బందరులో ఎండు చేపలు అమ్మి పిల్లల్ని పెంచినదాన్ని. తెల్లవారకముందే తట్ట నెత్తిన పెట్టుకుని శ్మశానం పక్క నుంచే రేవుకి వెళ్ళేదాన్ని. అది దగ్గర దారి కాబట్టి. అక్కడ కుక్కలు తప్ప నాకేమీ ఎదురు రాలేదు. చదివింది మూడో తరగతే అయినా, కంటికి కనపడనిదాన్ని నమ్మే రకం కాదు నేను. ఇప్పుడు చెప్పే సంగతి కూడా నమ్మి చెప్పడం లేదు. జరిగింది కాబట్టి చెబుతున్నాను.

మా చెల్లెలు సామ్రాజ్యాన్ని హంసలదీవి దగ్గర ఒక పల్లెలో ఇచ్చాం. దాని మొగుడు ఏడుకొండలు సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు. పిల్లలు లేరు. ఒక కార్తీకంలో గాలివాన పట్టుకుని అతనెక్కిన పడవ తిరగబడింది. కూడా వెళ్ళినవాళ్ళ శవాలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. ఇతనిది రాలేదు.

మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. సముద్రంలో పోయినవాడి శవం కంటపడేదాకా పెళ్ళాం బొట్టు తియ్యదు. అలాగని ఎల్లకాలం ఊరుకోరు. ఏడాది దాటాక పెద్దలు కూర్చుని, గడ్డితో బొమ్మ చేసి, దానికి దహనం చేసి కర్మ జరిపిస్తారు. ఆ రోజుకి పుట్టింటివాళ్ళు చీర తేవాలి. బొట్టూ గాజులూ తీసి ఆ చీర కట్టబెట్టాలి. మా అమ్మ అప్పటికే లేదు. మొగుడు పోయిన పెద్దదాన్ని నేనే. ఆ పని నా చేతుల మీద పడింది.

సామ్రాజ్యం చాలా రోజులు మొండికేసింది. దాని బావలు విసిగిపోయారు. కర్మ జరగని ప్రాణం ఇంటి చుట్టూ తిరుగుతుందని ఊళ్ళోవాళ్ళు వాళ్ళని సాధించేవాళ్ళు. చివరికి "మా అక్క వచ్చి తీస్తే తీయించుకుంటాను" అని కబురు పెట్టింది.

మా అబ్బాయి శ్రీను గుడివాడలో రైసు మిల్లులో గుమాస్తా. ఆ ఏడు రిపబ్లిక్ డే, ఆదివారం కలిసొచ్చాయి. కర్మకి పెట్టుకున్న అమావాస్య కూడా ఆ సెలవుల్లోనే పడింది. వాడు స్నేహితుడి మారుతీ వ్యాను అడిగి, పెళ్ళాం పిల్లలతో బందరు వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. బస్సుండగా పెట్రోలు తగలెయ్యడం ఎందుకురా అన్నాను. పిల్లలతో బస్సు పడదన్నాడు.

పిల్లలకి మాత్రం సముద్రం చూడ్డానికి అని చెప్పాడు. దుర్గకి ఏడేళ్ళు, చంటిగాడు దానికంటే చిన్న. ఇసకలో ఆడుకోవడానికని ప్లాస్టిక్ డబ్బాలు కూడా తెచ్చుకున్నారు.

చీర నా సంచీ అడుగున ఉంది. సన్న అంచు తెల్ల చీర. పేపర్లో చుట్టి దారంతో కట్టాను. కొట్లోంచి తెచ్చాక మా కోడలికి కూడా విప్పి చూపించలేదు. చూపించేదేముంది అందులో.

చల్లపల్లిలో చంటిగాడు వాంతి చేసుకున్నాడు. మోపిదేవిలో గుడికి వెళ్ళొద్దామని మా కోడలు ఆపమంది. చావు పనికి వెళ్తూ గుడేమిటి అన్నాను. "పిల్లలకేం తెలుసండీ చావు పనని, ఒక్క దణ్ణం పెట్టుకొస్తారు" అంది. నేను దిగలేదు, ఎవర్నీ దిగనివ్వలేదు. అవనిగడ్డ దాకా మూతి ముడుచుకుని కూర్చుంది.

కోడూరు దాటాక మురుగు కాలవ గట్టు మీద టైరు పంక్చరైంది. మిట్టమధ్యాహ్నం. ఆ చుట్టుపక్కల ఇల్లంటూ లేదు. ఒకవైపు రొయ్యల చెరువులు, ఒకవైపు కాలవ, దాని వెంట పొడుగాటి తాడిచెట్లు. శ్రీను, కోడలు టైరు మార్చే పనిలో పడ్డారు. నేను వ్యాను నీడలో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పిల్లలు గట్టు వాలులో ఆడుకుంటున్నారు. వాళ్ళ తలలు మాత్రం నాకు కనపడుతూనే ఉన్నాయి.

కాసేపటికి ఒక మనిషి కాలవ వెంట అటు వెళ్ళిపోతూ కనపడ్డాడు. వీపే చూశాను. మోకాళ్ళ పైకి పంచె, తలకి తుండు. ఆ దేశంలో ఎవరైనా అలాగే ఉంటారు. చెరువు కాపలావాడు అనుకున్నాను.

పిల్లలు పైకొచ్చారు. చంటిగాడి చేతిలో తాటాకుతో అల్లిన చేప. తోకకి వల నూలు కట్టి ఉంది, వేళ్ళాడదీసుకోవడానికి. ఎవరిచ్చార్రా అంటే తాత ఇచ్చాడన్నాడు. "ఎవడో ఏమిటో, అవతల పారెయ్యండి" అన్నాను. వాడు ఏడుపు మొహం పెట్టాడు. దుర్గ దాన్ని తీసుకుని గౌను చాటున దాచింది. నేను చూడలేదనుకుంది. ఆటవస్తువు కోసం గొడవెందుకని ఊరుకున్నాను.

మేం వెళ్ళేసరికి వాకిట్లో గడ్డి తెచ్చి పడేసి ఉంది. మగవాళ్ళు అరుగు మీద కూర్చున్నారు. సామ్రాజ్యం లోపల గోడకి ఆనుకుని ఉంది. రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టుకుంది ఆ రోజు. నన్ను చూసి, "ఎండన పడి వచ్చావా అక్కా, మంచినీళ్ళు తాగు ముందు" అంది. నేను నీళ్ళు తాగాను. సంచీ విప్పడానికి చేతులు రాలేదు గానీ, నేను విప్పకపోతే ఇంకెవరు విప్పుతారు.

అప్పుడు చంటిగాడు అక్క దగ్గర చేప లాక్కుని పరిగెత్తుకొచ్చి, "చిన్న నాయనమ్మా, ఇది చూడు" అని దాని ఒళ్ళో పడేశాడు.

సామ్రాజ్యం ఆ చేపని తిప్పి తోక దగ్గర ముడి చూసింది. తర్వాత నా చేతికిచ్చింది. నేనూ వలలు బాగుచేసినదాన్నే. కుడిచేతివాళ్ళు వేసిన ముడి ఒకవైపుకి పడుతుంది. ఇది దానికి ఎదురువైపుకి పడ్డ ముడి. ఏడుకొండలుది ఎడమ చేతివాటం. అతను వేసిన ముడులన్నీ అలాగే ఉండేవి, రేవులో వేళాకోళం చేసేవాళ్ళు. మా శ్రీను చిన్నప్పుడు వచ్చినప్పుడల్లా వాడికీ ఇలాంటి చేపలే చేసిచ్చేవాడు. శ్రీను గుమ్మంలో నిలబడి చూసి మొహం తిప్పుకున్నాడు.

ఎడమ చేతివాళ్ళు లోకంలో ఇతనొక్కడే కాదు. నేను అదే మాట అనబోయాను.

"ఆ తాత ఏమన్నాడమ్మా?" అని సామ్రాజ్యం దుర్గని అడిగింది.

"ఎక్కడికెళ్తున్నారు అన్నాడు. చిన్న నాయనమ్మ వాళ్ళింటికి అన్నా. మీ నాయనమ్మ సంచీలో ఉన్నది తెల్ల చీరేనా అన్నాడు. నాకు తెలీదు, నేను చూళ్ళేదు అన్నా."

అరుగు మీద మగవాళ్ళు గుమ్మం వైపు తిరిగారు.

"ఇంకేమన్నాడు?"

"ఇంకేం లేదు. వెళ్ళిపోయాడు."

సామ్రాజ్యం లేచి చేపని గోడ గూట్లో పెట్టింది. "ఆ చీర తీసుకెళ్ళిపో అక్కా" అంది. దాని పెద్దబావ వాకిట్లోంచే తిట్టాడు. పిల్లల మాటలకి కర్మ ఆపుతారా అన్నాడు. ఎవరెంత చెప్పినా అది ఒప్పుకోలేదు. పొద్దు వాలాక ఎవరో ఆ గడ్డి తీసి గేదెలకి వేశారు.

మర్నాడు తిరిగొచ్చేటప్పుడు అదే చోట నేనే వ్యాను ఆపించాను. ఆ చేప పచ్చి ఆకుతో అల్లింది. అల్లితే ఈనెలు, ముక్కలు కింద పడాలి. ఒక్క ముక్క లేదు. అక్కడి తాడిచెట్లకి చేతికందే మట్టలూ లేవు. చెరువుల కాపలావాళ్ళని శ్రీను అడిగాడు. అలాంటి మనిషిని ఎరగమన్నారు.

బతికుంటే ఇల్లు అక్కడికి నడిచెళ్ళేంత దూరం, రాకుండా ఎందుకుంటాడు? పోయినవాడైతే చీర సంగతి అతనికెందుకు? ఇన్నేళ్ళుగా ఈ రెండు ప్రశ్నలూ అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. ఏదీ తెమలదు.

ఆ రోజుతో సామ్రాజ్యానికి మేలు జరిగిందనుకునేరు. ఏమీ జరగలేదు. బావలు దాన్ని వేరు పెట్టారు. పేరంటాలకి ముత్తైదువని పిలవరు, విధవరాలి కింద జమకట్టరు. ఎవరి గుమ్మం ముందూ దానికి చోటు లేదు. రోజూ సాయంత్రం రేవుకి వెళ్ళి పడవలన్నీ వచ్చేదాకా కూర్చుని వస్తుంది. గూట్లో చేప ఎండి పొడి పొడిగా రాలిపోయింది. ముడి మాత్రం మిగిలింది. కర్మ జరిగుంటే ఏడ్చి ఊరుకునేదేమో.

నేను వెళ్ళినప్పుడల్లా ఒకటే అడుగుతుంది. "అక్కా, ఈసారి పిల్లల్ని తీసుకురా. ఆ కాలవ గట్టు మీంచే తీసుకురా." రెండుసార్లు తీసుకెళ్ళాం. గట్టు మీద వ్యాను ఆపి పిల్లల్ని కిందకి పంపి కూర్చున్నాం. ఎవరూ రాలేదు. ఇప్పుడు పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. దుర్గని ఎప్పుడడిగినా అదే మాట చెబుతుంది, ఒక్క ముక్క మార్చదు.

ఆ చీర నా పెట్టెలోనే ఉంది. ఏ వస్తువునీ ఊరికే పడెయ్యడం నాకు చేతకాదు. పాత గోనె సంచులు కూడా ఉతికి వాడతాను. దీన్ని మాత్రం కట్టుకోలేను, ఒకరికి ఇవ్వలేను. ఏటా ఒకసారి ఎండలో వేసి, మడత మార్చి, మళ్ళీ ఆ పేపర్లోనే చుడతాను. అది తెల్ల చీరని అతనికెలా తెలిసిందో, దాన్ని చుట్టిన ప్రతిసారీ అనుకుంటాను. నాకు తెలీదు.