బియ్యం డబ్బా కింది పాఠం

చూపు లేని పిల్లలకు చదువు చెప్పే టీచరమ్మ ఒకావిడ మా గోపన్‌పల్లి దాకా వస్తుందని మొదట నా చెవిన వేసింది మా కింది వాటాలో కిరాయికుండే నర్సు. ఆ మాట ఆమె నోట పలికించిన దేవుడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

నేను బడి ముఖం చూడలేదు. మా నాయనే ఇంట్లో పలక మీద దిద్దించాడు. పుట్టుకతో చూపు లేని నా కూతురికి అలా దిద్దించడం నా చేత కాలేదు. మా వీధి బడి పెద్దసారేమో, "నా ముందు ఒక పేజీ చదివితే ఒకటో తరగతిలో చేర్చుకుంటానమ్మా. లేకుంటే దూరంగా హాస్టలుంది, అక్కడ వేయండి" అన్నారు. అంత చిన్నపిల్లను వదిలి ఉండటం నా వల్ల అయ్యే పనా?

టీచరమ్మ నిజాంపేట నుంచి వచ్చేది. దళసరి కాగితాన్ని మొనదేలిన చిన్న ఊచతో పొడిస్తే వెనకవైపు చుక్కలు లేచేవి. పాపకు అవే అక్షరాలు. అంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. ఆమె పొద్దున సమ్మె టెంటులో కూర్చుని, మధ్యాహ్నం ఎవరి బండో ఎక్కి గచ్చిబౌలిలో దిగి, అక్కడి నుంచి ఎండలో నడిచి వచ్చేది.

"మేము రాయలసీమ వాళ్లం. మా కోసం ఇంత కష్టమెందుకు మేడం?" అన్నాను ఒకసారి.

"సమ్మె బడికమ్మా, బిడ్డకు కాదు. జర నీళ్లియ్యి."

బడులు తెరిచే ముందురోజు టీచరమ్మ వచ్చి, తాను రాసిచ్చిన కాగితాలు తెమ్మంది. పాప వేళ్లతో తడిమి తడిమి చూసింది.

"అమ్మా, అక్షరాలు లేవే!"

మా అత్త గుమ్మంలోనే నిలబడిపోయింది. "ముడతలు పడకూడదని నేనే బియ్యం డబ్బా కింద పెట్టినానమ్మా. సరస్వతి గదా!"

టీచరమ్మ పడీ పడీ నవ్వింది. "ఏంది పెద్దమ్మా! గంత బరువు పెడితే సరస్వతి ఇగ లేస్తదా?"

"నవ్వుతావేందమ్మా? తెల్లారితే సారు చదవమంటాడే!" అంది అత్త.

"ఫికర్ చెయ్యకు. కొత్తది రాస్త."

పాపను నర్సు దగ్గరికి పంపి, నేల మీద కూర్చుని ఒక కాగితం పొడిచింది. అందులో ఏముందో మాకెవరికీ చెప్పలేదు.

మరునాడు అత్తతో కలిసి బడికి వెళ్లాం. పెద్దసారు ఆ కాగితం చూసి, "బట్టీ పట్టించారా?" అన్నారు. పాప వేలు మెల్లగా కదిలింది.

"మా అవ్వ... చుక్కలను... బియ్యం డబ్బా కింద... పడుకోబెట్టింది." చదివి, ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. "అవ్వా! ఇది నీ గురించే!"

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దసారు నవ్వు ఆపుకోలేక, "రేపటి నుంచి పంపండమ్మా" అన్నారు.

అప్పటి నుంచి మా అత్త ఆ కాగితాలను పూజగదిలో తాడు కట్టి, బట్టల్లా ఆరేసేది. టీచరమ్మ తర్వాత బదిలీ అయి ఎటు వెళ్లిందో తెలియదు. మీ ఇంట దీపం పెట్టే వేళ, మా పాప కోసం ఎండలో నడిచి వచ్చిన ఆ తల్లిని కూడా ఒక్కసారి తలుచుకోండి.