మునిలక్ష్మమ్మ రెండు కంప్యూటర్లు

కోలారులో బట్టల అంగళ్లుండే వీధి చివర నాకొక చిన్న కంప్యూటర్ రిపేరు అంగడి ఉంది. పదకొండేళ్లుగా అదే నా బతుకుతెరువు. ఇంట్లో కంప్యూటర్‌కు ఉచితంగా దొరికే యాంటీవైరస్ చాలునా, డబ్బు పెట్టి కొనాలా అని రోజుకొకరైనా అడుగుతారు. ఉచితంగా వచ్చేది తలుపు దగ్గరికి వేసినట్టు, కొన్నది తాళం వేసినట్టు అని నేను అందరికీ ఒకే పాఠం చెప్పేవాణ్ణి. అమ్మితేనే కదా నాకు నాలుగు రాళ్లు. కొందరు తలూపి కొనేవారు, కొందరు తలూపి వెళ్లిపోయేవారు. ఆ పాఠానికి ఎదురు ప్రశ్న వేసింది మాత్రం మునిలక్ష్మమ్మ ఒక్కతే.

2023 జూన్‌లో ఒక మధ్యాహ్నం ఆమె వేమగల్ బస్సు దిగి నేరుగా నా అంగడికి వచ్చింది. యాభై అయిదు దాటిన మనిషి. నెత్తిన మల్బరీ ఆకు మోసే గంప ఉంది. గంప దించి, పాత దుప్పటి విప్పి, అందులోంచి సీపీయూ తీసి బల్ల మీద పెట్టింది.

“దీనికి రోగమొచ్చిందప్పా. తెరవంగానే ఎర్ర పెట్టె ఒకటి వస్తాది. పదమూడు వైరస్‌లుండాయి, దుడ్డు కడితే తీసేస్తాననంటాది.”

“కట్టేసినారామ్మా?”

“కట్టలేదు. రోగముందని చెప్పేదీ అదే, మందమ్మేదీ అదే. రోగం అంటించింది కూడా అదేనేమో అని అనుమానమొచ్చింది.”

తెరిచి చూస్తే ఆమె అనుమానం అక్షరాలా నిజం. అందులో మూడు ఉచిత యాంటీవైరస్‌లు ఉన్నాయి. ఒకటి కంప్యూటర్‌తోపాటే వచ్చింది. రెండోది ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించారు. అది మొదటిదాన్ని పని చేయనివ్వకుండా అడ్డం పడుతోంది. మూడోది అసలు యాంటీవైరస్ కాదు, దాని వేషం వేసుకున్న దొంగ. ఆ వేషగాణ్ణి గుర్తుపట్టలేక ఉద్యోగస్తులే డబ్బు కట్టి నా దగ్గరికి వచ్చిన రోజులున్నాయి. ఈమె చదివింది ఏడో తరగతి.

శుభ్రం చేస్తూ లోపలి ఫైళ్లు చూశాను. వందల ఫోటోలు, పొడుగాటి పట్టికలు. రాసింది కన్నడ లిపిలో, చదివితే తెలుగు. మా వైపు చాలామంది అలాగే రాస్తారు.

“ఇదంతా ఏమిటమ్మా?”

“నా పురుగుల కత. పట్టుపురుగులు పెంచుతాను. 2012 నుంచి దినమూ రాస్తా ఉండాను. వేడి ఎంత, తేమ ఎంత, ఆకు యాడ నుంచి తెచ్చినాం, లోపలికి ఎవరెవరు వచ్చినారు, అన్నీ. మొదట నోటుబుక్కుల్లో రాసేదాన్ని. నా కూతురు ప్రేమ డిగ్రీ చదివేటప్పుడు ఈ కంప్యూటర్ కొన్నాం. దాని దగ్గర టైపు నేర్చుకుని అన్నీ దీంట్లోకి ఎక్కించినాను. అరవై మూడు పంటలు.”

అప్పుడు నేను నా పాఠం మొదలుపెట్టాను. తలుపు, తాళం. ఆమె చివరిదాకా విని అడిగింది.

“ఆ దుడ్డిచ్చేది, పట్టిన రోగాన్ని కుదురుస్తాదా, పట్టకుండా కాస్తాదా?”

“కాస్తుందమ్మా. కొన్ని రోగాలు పట్టాక కూడా కుదురుస్తుంది. ఫైళ్లకు తాళం వేసే వైరస్ ఒకటుంది. అది పడితే మాత్రం ఏ మందూ పని చేయదు.”

“మా పురుగులకొచ్చే పాలరోగం మాదిరి,” అంది తనలో తాను అనుకుంటున్నట్టు. “ఇంగ ఒకటి చెప్పు. నిన్న లేని రోగం ఈ దినం పుడితే దానికి ఎట్ల తెలుస్తాది?”

కంపెనీవాళ్లు కొత్త వైరస్‌ల గుర్తులు రోజూ పంపుతుంటారని, అవి అందేదాకా కొంత ప్రమాదం ఉంటుందని చెప్పాను.

“ఫ్రీదానికీ పంపుతారా?”

“పంపుతారు.”

“మరి దానికీ దీనికీ భేదమేముండాది?”

పదకొండేళ్లలో మొదటిసారి నిజం చెప్పాల్సి వచ్చింది. వైరస్‌ను పట్టడంలో మంచి ఉచిత యాంటీవైరస్‌కూ, కొన్నదానికీ అంత తేడా లేదని చెప్పాను. కొన్నదానిలో కాపలా ఇంకొంచెం గట్టిగా ఉంటుంది, కష్టమొస్తే ఫోన్ ఎత్తే మనిషి ఉంటాడు, ఇంకొన్ని సదుపాయాలు ఉంటాయి. ఎవరికి ఏది కావాలన్నది ఆ కంప్యూటర్‌ను ఎవరు ముట్టుకుంటారు, అందులో ఏముంది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

“అట్లయితే ఇక్కడ కూర్చుని ఎట్ల చెప్తావప్పా? ఇంటికొచ్చి చూసి చెప్పు,” అని మళ్లీ గంపలో సర్దుకుని వెళ్లిపోయింది.

ఆ ఆదివారం బండి మీద వెళ్లాను. వాళ్ల ఊరు వేమగల్ దాటి మూడు కిలోమీటర్లు. ఇంటి వెనక పురుగులు పెంచే పొడుగాటి షెడ్డు. దాని గడప ముందు సిమెంటు తొట్టిలో మందు కలిపిన నీళ్లు. నేను అడుగు వేయబోతే మునిలక్ష్మమ్మ భర్త కదిరప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

“చెప్పులు ఆడ వదులు. కాళ్లు దీంట్లో ముంచు. చేతులు ఆ సబ్బుతో కడుగు. మొన్న మా బావమరిదినే తిప్పి పంపించేసింది, తమ్ముడని కూడా చూళ్లేదు.”

లోపలికి వెళ్లగానే వాన మొదలైందనుకున్నాను. పైకి చూశాను, రేకుల మీద ఏమీ లేదు. అది పురుగులు ఆకు తింటున్న చప్పుడు. నాలుగు జ్వరాలు దాటిన పురుగులు, అంటే నాలుగుసార్లు పొర విడిచి, గూడు కట్టే ముందు కడసారిగా తింటున్నవి. వేలకు వేలు. తట్టలు తట్టలుగా, అంతస్తులు అంతస్తులుగా. ఆ చప్పుడులో మునిలక్ష్మమ్మ ఒక తట్ట దగ్గర ఆగి, వేలెడు లేని ఒక పురుగును తీసి, వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ పెట్టేసింది. అన్ని వేలలో ఆ ఒక్కదాన్ని ఎందుకు తీసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ షెడ్డుకు అంత కాపలా. ఇంటి పంచలో ఉన్న కంప్యూటర్‌కు మాత్రం ఏమీ లేదు. నేను కూర్చున్న గంటలోనే ఇద్దరు రైతులు పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని వచ్చారు. ఎండాకాలపు పంటలో ఏ రోజు ఎంత వేడి ఉండాలి, ఆకు మీద మచ్చ వస్తే ఏం చేయాలి అన్న ఆమె పట్టికలు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కావాలి. వచ్చినవాళ్లు వాళ్ల పెన్‌డ్రైవ్ వాళ్లే గుచ్చుకుని, కాపీ చేసుకుని పోతారు.

“ఎన్ని ఊళ్ల నుంచి వస్తారమ్మా?”

“పదకొండు.”

“ఇన్ని పెన్‌డ్రైవ్‌లు వస్తుంటే కొన్నదే పెట్టుకోండి.”

ఆమె పంచ వైపు, షెడ్డు వైపు కాసేపు చూసింది. తర్వాత నన్ను అడిగింది. “మీ అంగట్లో పాత కంప్యూటర్ ఏదన్నా ఉండాదా? చవగ్గా?”

ఉందన్నాను.

“అది ఈ పంచలో పెడదాం. ఊళ్లోవాళ్ల పెన్‌డ్రైవ్‌లు దానికే. దాంట్లో నా పట్టికల నకలు ఉంటాది. నువ్వు చెప్పే దుడ్డుది దానికి వెయ్యి. నాది లోపల గదిలోకి పోతాది. దాంతోపాటు వచ్చిన ఫ్రీదే దానికి చాలు. అప్పుడప్పుడూ కొత్త గుర్తులు తీసుకునేదానికి తప్ప ఇంటర్‌నెట్ వద్దు. దాన్ని నేను తప్ప ఎవరూ ముట్టరు.”

అందరూ విలువైన కంప్యూటర్‌కు డబ్బు పెట్టి కొంటారు, పాతదానికి ఉచితంది వేస్తారు. ఈమె తిరగేసింది.

“అమ్మా, విలువైనది లోపలిది కదా?”

“సున్నం వాకిట్లో చల్లుతారా, పురుగుల మీద పోస్తారా అప్పా? రోగం వచ్చే తావులో కదా కావలి ఉండల్ల.”

ఒక మాట మాత్రం నేను కలిపాను. లోపలి కంప్యూటర్ పాడైతే కూడా పోకుండా, అంతా ఒక హార్డ్‌డిస్క్‌లో ఎక్కించి వేరే ఇంట్లో పెట్టమన్నాను. ఆమె వెంటనే ఒప్పుకుంది. ప్రేమ కాపురం మారికుప్పంలో. నెలకొకసారి కూతుర్ని చూడ్డానికి పోయేటప్పుడు డిస్క్ సంచిలో వేసుకుని పోతుంది, అక్కడున్నది తెచ్చుకుంటుంది.

ఎనిమిది నెలలు గడిచాయి. ఫిబ్రవరిలో ఒక ఉదయం ఫోన్ వచ్చింది. “లోకేశప్పా, పంచలోదానికి రోగం పడింది. నిదానంగా రా, బండి తొందరగా తోలొద్దు.”

నేను తొందరగానే తోలాను. పక్క ఊరి ఈశ్వరప్ప అనే రైతు తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్‌లా కనిపించిన ఒకదాన్ని నొక్కాడట. చూస్తుండగానే ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటీ అర్థం లేని అక్షరాలుగా మారిపోయాయి. మునిలక్ష్మమ్మ లేచి గోడలోంచి ప్లగ్ లాగేసింది. నేను అమ్మిన యాంటీవైరస్ ఆ పెన్‌డ్రైవ్‌ను చూసి, బాగానే ఉందని పచ్చగుర్తు వేసింది.

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. “కొనండి అని నేనే చెప్పాను. అది పట్టుకోలేకపోయింది.”

“ఇన్ని దినాల్లో ఎన్ని పట్టిందో చూసినావా? ఆ పట్టీ దినమూ చూసేదాన్ని నేను. నిన్నటిదాకా నలభై ఒకటి. ఇది కొత్త రోగం. రేపటికి దానికీ తెలుస్తాది. తప్పిపోని మందు యాడుండాది?”

ఈశ్వరప్ప మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పెద్దమనిషి, మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. “నా చేతులారా పాడు చేసినానమ్మా. పదకొండు ఊళ్ల సొత్తు,” అంటున్నాడు. ఆమె వెళ్లి అతని పక్కనే మెట్టు మీద కూర్చుంది.

“ఈశ్వరప్పా, 2012లో నా పంటంతా పాలరోగంతో పోయింది. పురుగులు ఉబ్బి, తట్టల అంచులకు పాకి, తోలు పగిలి పాలు కారినాయి. గుంత తీసి అన్నీ పూడ్సి సున్నం పోసినాం. మల్బరీ పీకేసి నరసాపురం ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా పోతానని మా ఆయన అన్నాడు. రోగం ఎట్ల వచ్చిందో తెలుసుకుందామని ఆ నెలలో మా ఇంటికొచ్చినోళ్ల పేర్లన్నీ రాసుకుని ఒక్కొక్కటే కొట్టేస్తా వచ్చినాను. కడకు మిగిలింది నా పేరే.”

ఈశ్వరప్ప తల ఎత్తాడు.

“పక్కింటోళ్ల పురుగులకు రోగమొస్తే తట్టలు కడిగిచ్చేకి పోయినాను. సాయానికే పోయినాను. తిరిగొచ్చి కాళ్లు కడగకుండా నా పురుగులకు ఆకేసినాను. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరికీ తెలీదు కదా. ఆ పొద్దే రాసేది మొదలుపెట్టినాను. ఇప్పుడు నీ వల్ల ఏమీ పోలేదు. లోపలిది బాగుండాది. నువ్వు లే, కాఫీ తాగు.”

కదిరప్ప గుమ్మంలో ఉన్నాడు. పన్నెండేళ్ల తర్వాత ఆ మాట అతను కూడా అప్పుడే విన్నాడని అతని ముఖం చూస్తే తెలిసింది. లోపలికి వెళ్లి కాఫీ గ్లాసులు తానే తెచ్చాడు.

పంచలో కంప్యూటర్‌ను పూర్తిగా తుడిచేసి మళ్లీ మొదటినుంచి ఎక్కించాను. రెండు గంటల పని. ఆ తర్వాత లోపలి కంప్యూటర్ నుంచి పట్టికల నకలు తీయాలి. చేతులు, కాళ్లు కడుక్కుని లోపలి గదిలోకి వెళ్లాను. ఆమె తెరిచి ఇచ్చింది. ఫైళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడడానికి ఒక్కొక్కటీ తెరుస్తూ, చదవడంలో పడిపోయాను.

2016లో ఒక రోజు: ‘నీళ్ల బోరు ఎండింది. ఆకు వాడింది. ట్యాంకర్ నీళ్లు చెట్లకే పోసినాం.’ 2018లో: ‘ప్రేమ పెండ్లి. మూడో జ్వరంలో ఉండాయి. తాళి కట్టినాక వచ్చి చూసినాను. వేడి ఇరవై ఏడు.’ 2020లో: ‘మార్కెట్టు మూసినారు. గూళ్లు కొనేవాళ్లు లేరు. తేమ ఎనభై.’ పన్నెండేళ్లలో ఒక్క రోజు ఖాళీ లేదు. ఒళ్లు బాగాలేని రోజుల్లో కూడా ఒకే ఒక వాక్యమైనా ఉంది. మా అంగడికి ఎన్ని వందల కంప్యూటర్లు వచ్చి ఉంటాయి! వాటిల్లో ఏముందో నేను ఏనాడూ చూడలేదు. ఎన్నింటినో ఒక మీట నొక్కి తుడిచి పంపేశాను.

నకలు అయిపోయింది. మునిలక్ష్మమ్మ నా పక్కన స్టూలు జరుపుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఆ రోజు పట్టిక తెరిచింది. ఒక్క వేలితో, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ టైపు చేసింది.

‘ఈ దినం పంచలోదానికి రోగం. లోపల క్షేమం. లోకేశప్ప, ఈశ్వరప్ప వచ్చినారు. ఇద్దరూ కాళ్లు కడిగినారు. వేడి ఇరవై ఆరు. పురుగులు బాగా తింటా ఉండాయి.’

రాసినదాన్ని ఒకసారి చదువుకుని, కంప్యూటర్ ఆపేసి, ఆకు కోయడానికి కత్తి తీసుకుని తోటలోకి వెళ్లింది.