భర్త రక్తంతో పనేముంది?

కరోనా తగ్గుముఖం పట్టిన ఏడాది, మార్చి నెల. మిరప ఘాటుకు గుంటూరులో మేం కిటికీలు మూసుకుని పనిచేసే రోజులు. పిడుగురాళ్ల దగ్గర వాడకంలో లేని సున్నపురాయి క్వారీలో నీళ్లు ఇంకిపోయి అడుగున ఒక అస్థిపంజరం బయటపడితే, పోలీసులు మా ఫోరెన్సిక్ విభాగానికి తెచ్చారు.

ఎముకల్ని కడిగి బల్ల మీద తల నుంచి పాదాల దాకా మనిషి ఆకారంలో పేర్చడం నా పనిలో నాకు ఇష్టమైన ఘట్టం. కటి ఎముకను బట్టి ఆడమనిషి. వయసు ముప్పై దాటి ఉండదు. గాయాల గుర్తులు లేవు, ఎడమ చేతిలో ఎప్పుడో విరిగి అతుక్కున్న ఎముక తప్ప. మధ్యాహ్నపు వెలుగులో అలా చూస్తూ కూర్చుంటే, ఆమె నిద్రలో ఒత్తిగిలుతుందేమో అనిపించింది. ఇన్నేళ్ల సర్వీసులోనూ నాకా పిచ్చి పోలేదు.

మర్నాడు యేసుదాసు అనే మిరప కూలీ వచ్చాడు. అతని భార్య కరుణ రెండేళ్ల కిందట పత్తి తీయడానికని వెళ్లి తిరిగి రాలేదట. వాళ్లకు పిల్లల్లేరు. ఆమెకు తల్లిదండ్రులూ లేరు, తోబుట్టువులూ లేరు. డీఎన్‌ఏ పోల్చాలంటే రక్తసంబంధీకులు కావాలి. భర్త రక్తంతో పనేముంది? ఫారంలో ‘పోల్చడానికి ఎవరూ లేరు’ అని రాసేశాను. ఎవరివో తేలని ఎముకల్ని అనాథ శవాలతో పాటు పూడ్చేస్తారు.

అతను కుర్చీలోంచి లేవలేదు.

“ఆవిణ్ణి నాకిచ్చెయ్యండమ్మా. మా అక్క పక్కన పూడ్చుకుంటాను.”

“మీ అక్క పక్కన దేనికి?”

“వాళ్లమ్మేగా అండి.” గొంతు తగ్గించాడు. “కరుణ నా మేనకోడలు. మేనమామతో పెళ్లి చర్చిలో చెయ్యనన్నారు పాస్టరుగారు. ఇంటికాడే ప్రార్థన చేయించుకుని చేసుకున్నాం. ఇక్కడ చెబితే కేసవుద్దేమోనని భయపడ్డానండి.”

నాకు నవ్వూ సిగ్గూ కలిసి వచ్చాయి. మా అమ్మ చేసుకున్నదీ తన మేనమామనే! మా ఇంట్లోనే ఉన్న సంగతి ఫారం చేతిలోకి రాగానే ఎటు పోయిందో మరి.

మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ అని ఒకటుంది. అది తల్లి నుంచే బిడ్డలకు వస్తుంది. యేసుదాసు తల్లిది అతనికీ వచ్చింది, అతని అక్కకూ వచ్చింది. అక్క నుంచి కరుణకు వచ్చింది. అంటే మొగుడిలో ఉన్నదే పెళ్లాంలోనూ ఉంది.

“రక్తం ఇచ్చి వెళ్లండి” అన్నాను.

“నాదా అండి?”

“మీదే.”

ల్యాబ్ నుంచి జవాబు వచ్చేసరికి వానలు పడ్డాయి. కలిసింది. వయసు, ఎత్తు, చిన్నప్పుడు విరిగిన చెయ్యి, అన్నీ అతను చెప్పినట్టే ఉన్నాయి. ఎముకలు సర్దిన అట్టపెట్టె అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

“పెళ్లయ్యాక కూడా మామా అనే పిలిచేదండి. చిన్నప్పుడు ఎత్తుకు తిరిగింది కూడా నేనే.”

పెట్టె మీద చెయ్యి వేసి నిమురుతూ ఉండిపోయాడు. నేను ఏడ్చాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఆ తర్వాత భర్త కోసమో భార్య కోసమో ఎవరు వచ్చినా, పెళ్లికి ముందు వాళ్లు మీకు ఏమయ్యేవారని అడుగుతున్నాను. చాలామంది నన్ను వింతగా చూస్తారు. మొన్న ఒకావిడ మాత్రం తల దించుకుని, “మా అమ్మ తమ్ముడండి” అంది. చెయ్యి చాపమన్నాను.