మైనం పూసిన దోసకాయ

ఈ రోజు పొద్దున్న తొమ్మిదీ ఇరవైకి వంటింట్లో కీరదోసకాయ కోస్తుంటే కత్తి జారింది. ఇక్కడ అమెరికా కొట్లలో అమ్మే కాయల తొక్కకి మైనం ఉంటుందని నలభై ఏళ్లుగా తెలుసు. అయినా వేన్నీళ్లతో కడగడం మరిచిపోయాను. మా ఆవిడ పోయి ఏడు నెలలైంది. ఇలాంటివి గుర్తుచేసేవాళ్లు ఇంట్లో లేరు. వేలు తెగలేదు గాని, కత్తి పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను. ఆ మైనం సంగతి మాకు మొదట తెలిసింది ఒక సభలో, అందరి ముందూ.

ఎనభైల మొదట్లో మా మామగారు న్యూజెర్సీ వచ్చి మా దగ్గర ఉన్నారు. తరతరాలుగా ఆయుర్వేద వైద్యం చేసే ఇల్లు వాళ్లది. ఇక్కడ ఆయన చూర్ణాలు మింగడానికి మేమిద్దరమే దిక్కు. మా ఆవిడ అప్పుడు ఆస్పత్రిలో సర్జరీ నేర్చుకుంటున్న డాక్టరు, ఇక్కడ రెసిడెంట్ అంటారు. వాళ్ల పెద్ద సర్జన్ మంచివాడే, కాకపోతే నోటికి అదుపు తక్కువ. "మీ నాన్న గడ్డిపరకల మందు కాస్త తెచ్చిపెట్టకూడదూ" అని ఆటపట్టించేవాడట. ఆవిడ ఆ మాట నాకు చెబుతుంటే పక్క గదిలో ఉన్న మామగారు విన్నారు. కొన్నాళ్లకి ఊరి లైబ్రరీవాళ్లు మన వైద్యం పుట్టుపూర్వోత్తరాలు చెప్పమని అడిగితే వెంటనే ఒప్పుకుని, ఆ సర్జన్ని కూడా పిలవమన్నారు.

మా ఆవిడకి అన్నం సయించలేదు. "నాన్నా, ఆయన నా బాస్. అక్కడ నవ్వులపాలైతే రేపు ఏ మొహం పెట్టుకుని డ్యూటీకి వెళ్లను?"

"నవ్వితే నాకు టికెట్ బుక్ చేయించు, వెళ్లిపోతాను. ఈ విద్య ఊసు మళ్లీ నీ దగ్గర ఎత్తను," అన్నారాయన. ఆయన అన్నారంటే చేస్తారు.

సభకి కావలసింది ఒక్క ఆనపకాయ అన్నారు. చలికాలం కావడంతో పక్క ఊరు ఐసెలిన్‌లో ఉన్న మనవాళ్ల కూరల కొట్టుకి అవి రాలేదు. చివరికి సూపర్‌మార్కెట్‌లో అరడజను కీరదోసకాయలు కొన్నాను. బాగా నిగనిగలాడేవి చూసి ఏరినవాణ్ణి నేనే.

సభలో ఆయన తెలుగులో చెబుతుంటే మా ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది. "ఈ విద్య బ్రహ్మ నుంచి ఇంద్రుడికి, ఇంద్రుడి నుంచి ఋషులకి వచ్చిందని మా గ్రంథాల్లో ఉంది. ఋషుల శిష్యులు మాత్రం కాయల మీద నేర్చుకున్నారు," అన్నారు. పూర్వం శస్త్రవైద్యం నేర్చేవాడు మనిషిని ముట్టుకునే ముందు ఆనపకాయలూ దోసకాయలూ కోసేవాడట. మందపాటి గుడ్డ మీద కుట్లు వేసేవాడు, బొమ్మకి కట్లు కట్టేవాడు. తొక్క తెగాలి, గింజ కదలకూడదు, అదీ వాళ్ల ఇంట్లో పరీక్ష. చెబుతూనే కాయ మీద గోటితో గీత గీసి కత్తి ఆనించారు. అది సర్రున జారి బల్లకి తగిలింది. జనం నవ్వారు. పెద్ద సర్జన్ నవ్వు నాకు విడిగా వినిపించింది. మా ఆవిడ నేలచూపులు చూసింది.

మామగారు కాయని వేలితో రుద్ది, వాసన చూశారు. "అల్లుడుగారూ, దీనికి మైనం పూశారు. వేన్నీళ్లు పట్రండి."

కాఫీ కోసం పెట్టిన నీళ్లు తెచ్చాను. ఆయన తాపీగా కాయ కడిగి, కండువాతో తుడిచి, మళ్లీ గీత గీశారు. ఈసారి కత్తి గీత దాటలేదు. తొక్క పక్కకి తీసి చూపిస్తే లోపల ఒక్క గింజకీ గాటు లేదు. నవ్వులు ఆగిపోయాయి. పెద్ద సర్జన్ లేచి వచ్చి, నేనూ చేస్తానన్నాడు. గీత గియ్యకుండానే కోశాడు. గింజలు రెండు ముక్కలయ్యాయి.

"రోగి పోయాడని చెప్పమ్మా," అన్నారు మామగారు.

మా ఆవిడ తలెత్తి, పెద్ద సర్జన్ కళ్లలోకి చూస్తూ ఉన్నదున్నట్టు చెప్పింది. అందరికన్నా ముందు నవ్వింది ఆ సర్జనే. ఇంకో కాయ కడిగి, గోటితో గీత గీసి, ఊపిరి బిగబట్టి కోశాడు. గింజ కదల్లేదు. "మేం పందికాళ్ల మీద నేర్చుకున్నాం. మీదే శుభ్రమైన పద్ధతి," అని మామగారి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. గడ్డిపరకల మందు మాట మళ్లీ ఎత్తలేదు. జులైలో కొత్తగా చేరిన రెసిడెంట్లకి తలో దోసకాయా ఇచ్చాడని మా ఆవిడ ఇంటికొచ్చి చెప్పినప్పుడు మామగారు పేపర్లోంచి తల తియ్యకుండా, "కడిగే ఇచ్చాడా?" అని అడిగారు. టికెట్ బుక్ చెయ్యాల్సిన పని పడలేదు.

మా ఆవిడ పెద్ద సర్జన్ అయింది, రిటైరైంది. చివరిదాకా వంటింట్లో ఏ కాయ కోసినా ముందు గోటితో గీత గీసేది. కూరలోకి ఎందుకని అడిగితే, గియ్యకపోతే చెయ్యి మరిచిపోతుంది అనేది. వేల ఏళ్లు నిలిచిన అలవాటు ఒక ఇంట్లో ఆగిపోవడానికి ఏడు నెలలు చాలు. ఇప్పుడు మా ఇంట్లో కాయ మీద ఎవరూ గీత గియ్యరు.